కళంకానికి కొలబద్ద

జ్వరాన్ని కొలవడానికి పాదరసం ఉన్నది. ధాన్యాన్ని కొలవడానికి మానికా, కుంచమూ ఉన్నవి. తన ప్రాణం తాను తీసుకొన్న మనిషిని గూర్చి ఊరివారి మనస్సులో ఎంత ఏవగింపు ఉన్నదో, ఎంత జాలి ఉన్నదో కొలవడానికి ఏమున్నది? ఈ కాలపు మనస్తత్వ శాస్త్రజ్ఞులు దానికీ ఒక కొలబద్ద తయారు చేసినారు. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన బాటర్‌హామ్, కలియర్, క్రిస్టెన్‌సెన్ అనే పరిశోధకులు 2013లో ప్రకటించిన ప్రశ్నావళి అది. ఆత్మహత్య చేసుకొన్నవారిని వర్ణించే మాటలు 58 వరుసగా ఇచ్చి, ఒక్కొక్క మాటను ఎంతవరకు ఒప్పుకొంటారో అయిదు మెట్లలో చెప్పమంటారు. దానిని 16 మాటలకు కుదించిన చిన్న రూపం మరింత ప్రచారంలో ఉన్నది. ఆ మాటలు మూడు తెగలు. పిరికి, తెలివిమాలిన, బాధ్యత లేని, నీతి లేని వంటివి నిందించేవి. ఒంటరి, దిక్కుతోచని వంటివి వారి ఏకాకితనాన్ని చెప్పేవి. ధైర్యం గల, ఉదాత్తమైన వంటివి కీర్తించేవి.

ఈ ప్రశ్నావళిని చైనీయులు తమ భాషలోనికి తెచ్చుకొన్నారు. అరబ్బులు, తుర్కులు, బంగ్లాదేశ్ బెంగాలీలు తెచ్చుకొన్నారు. స్పానిష్ మాట్లాడే పెద్దల కోసమూ దానిని సవరించుకొన్నారు. స్పానిష్‌కు ఒక చిక్కు ఉన్నది. విశేషణాలు మగవారికి ఒక తీరుగా, ఆడవారికి ఒక తీరుగా మారిపోతవి. మనుషులు అనే అర్థంలో ఆ భాష వాడే మాట వ్యాకరణంలో స్త్రీలింగం కాబట్టి, దాని చాటున ఆడామగా భేదం లేకుండా వాక్యం నడిపించుకొనే వీలు వారికి ఉన్నది. ప్రతి భాషకూ దాని చిక్కు దానిదే, దాని ఉపాయం దానిదే.

తెలుగులోనికి తేవడం ఏమంత పని, చేతిలో నిఘంటువు ఉంటే చాలదా అనేవారు ఆ పదహారు మాటలనూ మూట కట్టుకొని సూర్యాపేటలో బయలుదేరి, కోదాడ చేరి, హుజూర్‌నగర్ దారిన మిర్యాలగూడ వరకు వెళ్ళి చూడవలె. మూడూ ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులో చేరినది, మిర్యాలగూడ పాత జిల్లాలోనే ఉండిపోయినది. 1967లో నాగార్జునసాగరం ఎడమ కాలువకు నీరు వదిలిన తరువాత కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు వరి పొలాలైనవి, మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణమైనది. కాలువ ఎక్కని మెట్టలో పత్తీ, బోరుబావులూ, అప్పులూ. ఈ నేలమీద ఆత్మహత్య అనే మాట పుస్తకంలోని మాట కాదు. 2022లో దేశం మొత్తంమీద 1,70,924 మంది ఆత్మహత్య చేసుకొన్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. జనాభాతో పోల్చి చూస్తే తెలంగాణ నిష్పత్తి దేశ సగటుకు రెండింతలు పైనే ఉన్నది.

మొదటి మాట దగ్గరనే కాలు తట్టుకొంటుంది. పిరికివాడు అంటే మగవాడు ఒక్కడే వస్తాడు. స్త్రీని చెప్పవలెనంటే 'పిరికిది' అనవలె. తెలుగు వ్యాకరణం ఏకవచనంలో ఆడమనిషిని చెట్టు పక్కన, పశువు పక్కన కూర్చోబెట్టింది గనుక ఆ మాటలో పిరికితనం కంటె తృణీకారం ఎక్కువ వినబడుతుంది. పోనీ బహువచనంలో 'పిరికివారు' అందామంటే అక్కడ మర్యాద అడ్డం వస్తుంది. 'వారు' అన్న క్షణంలోనే వినేవారు కొంచెం సర్దుకొని కూర్చుంటారు. తిట్టుకూ గౌరవానికీ ఒకే ప్రత్యయం తగిలిస్తే తిట్టు సగం చల్లారిపోతుంది. ఊళ్ళో నిజంగా ఏవగించుకొనేవాడు 'పిరికిపంద' అంటాడు. ప్రశ్నావళిలో 'పిరికివారు' అని రాస్తే నింద తక్కువగా తేలుతుంది, 'పిరికిపందలు' అని రాస్తే ఎక్కువగా తేలుతుంది. మారినది ఊరివారి మనస్సు కాదు, రాసినవాడి ప్రత్యయం.

'బాధ్యత లేనివారు' అనే మాట మరొక తంటా. ఇంగ్లీషులో అది మనిషి స్వభావాన్ని చెప్పే మాట. కోదాడ పల్లెలో బాధ్యత అంటే పెళ్ళీడుకు వచ్చిన కూతురు, తీరని బాకీ, మంచాన పడిన తల్లి. 'బాధ్యతలు తీరినవా?' అని పెద్దవారు ఒకరినొకరు పలకరించుకొనేది ఈ అర్థంలోనే. ఆ వాక్యానికి ఔనన్నవాడు మృతుణ్ణి నిందిస్తున్నాడా, లేక ఆ ఇంటి బరువును చూచి నిట్టూరుస్తున్నాడా? రెంటికీ పడేది ఒకే మార్కు.

'ఒంటరి' అనే మాట అన్నిటికంటె తేలిక అనిపిస్తుంది. కాని తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు పింఛను ప్రారంభించినది. అప్పటినుండి పల్లెల్లో 'ఒంటరి' అన్నది దరఖాస్తు మాట. భర్త వదిలిన స్త్రీ, పెళ్ళి లేక మిగిలిన స్త్రీ గుర్తుకు వస్తారు గాని, పదిమంది నడుమ ఉండి లోపల ఎవరూ లేని మనిషి గుర్తుకు రాడు. ఇంగ్లీషు 'లాస్ట్' అనే మాటను దారి తప్పినవారు అని తెనిగిస్తే, పాపం, ఏకాకితనపు తెగలో ఉండవలసిన మాట నీతి లేనివారి తెగలోనికి దూకుతుంది. తెలుగునాట దారి తప్పడమంటే చెడిపోవడమే. దిక్కుతోచనివారు అంటేనే పొసగుతుంది. మూల ప్రశ్నావళిలోని మరొక మాటను అక్షరానికి అక్షరంగా 'లోతులేనివారు' అంటే మిర్యాలగూడ రైతుకు గుర్తుకు వచ్చేది బావి.

ఈ ప్రమాదాలను కనిపెట్టడానికి శాస్త్రజ్ఞుల వద్ద ఒక పరీక్ష ఉన్నది. ఒకరు తెలుగు చేస్తారు, మూలం చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి ఇంగ్లీషు చేస్తారు, రెండు ఇంగ్లీషులనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. 1970లో బ్రిస్లిన్ అనే పండితుడు ప్రచారంలోనికి తెచ్చిన పద్ధతి ఇది. మంచిదే గాని దాని కన్ను ఒకటే. స్టిగ్మా అనే మాటకు ఒకడు కళంకం అని రాస్తాడు, రెండవవాడు కళంకాన్ని స్టిగ్మాగా తిరగరాస్తాడు, లెక్క సరిపోయినదని ఇద్దరూ సంతోషిస్తారు. ఇద్దరూ చూచినది ఒకే నిఘంటువు. సూర్యాపేట సంతలో కూరలమ్మే స్త్రీకి కళంకం అంటే ఏమిటో ఆ ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఆమె అనేది పరువు పోయిందని, చెడ్డపేరు వచ్చిందని, నలుగురిలో తలెత్తుకోలేకపోయామని. స్టిగ్మా అనే గ్రీకు మాటకు మొదటి అర్థం బానిసల ఒంటిమీద పొడిచే గుర్తు. ఆ అర్థానికి తెలుగులో దగ్గరి మాట కళంకం కాదు, మచ్చ.

ఇంతకూ అసలైన మాటే ఇంకా ప్రశ్నలోనికి రాలేదు. 'ఆత్మహత్య' అనే సమాసంలోనే తీర్పు ఉన్నది. బ్రహ్మహత్య, గోహత్య, శిశుహత్య అన్న పాపాల వరుసలోనిదే ఈ హత్య. పత్రికలవారు దానికి 'పాల్పడ్డాడు' అనే క్రియ తగిలిస్తారు. నేటి వాడుకలో దోపిడీకి పాల్పడతారు, అవినీతికి పాల్పడతారు, పుణ్యకార్యానికి ఎవరూ పాల్పడరు. శీర్షికలలో మెరిసే 'బలవన్మరణం' కొంచెం మెత్తని మాట. అయితే బలవంతం ఎవరిదో అది చెప్పదు. ఇక కారణాల విషయంలో తెలుగు పత్రికలకు కొన్ని పడికట్టు రాళ్ళు ఉన్నవి. కడుపునొప్పి తాళలేక, మనస్తాపం చెంది, జీవితంపై విరక్తి కలిగి. ఎందరి కడుపునొప్పులు నిజంగా కడుపులోనివో పోలీసు రికార్డు రాసినవారికే తెలియవలె. ఆత్మహత్య వార్తలను ఆర్భాటం లేకుండా, పద్ధతిని వర్ణించకుండా ప్రచురించవలెనని 2019లో భారత ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు ఇచ్చినది. అందులో ఎక్కువ భాగం ఇంకా కాగితం మీదనే ఉన్నది.

పల్లెవారు ఈ మాటలలో ఏదీ వాడరు. 'పాణం తీసుకున్నడు' అంటారు. అంతకంటె ఎక్కువగా అసలు మాటే మింగివేస్తారు. 'వాణ్ని ఒక్కణ్నే వదలకండి, ఏమన్న చేసుకుంటడేమో!' తెలుగు దేశమంతటా తల్లులు, తోబుట్టువులు భయపడే వాక్యం ఇది. కర్మ లేని క్రియ. చేసుకొనేది ఏమిటో చెప్పరు, వినేవారు అడగరు. ఆ వాక్యంలో నింద లేదు, కీర్తి లేదు, ఉన్నదంతా భయమూ ప్రేమా. ప్రశ్నావళి తెలుగులో మొదలుకావలసినది ఈ వాక్యం నుండి. 'ఆత్మహత్య చేసుకొన్నవారు ఎటువంటివారు?' అని అడిగితే పత్రిక చదివిన జవాబు వస్తుంది. 'ఏమన్న చేసుకొన్నవాళ్ళ సంగతి' అని అడిగితే ఇంట్లో మాట్లాడే జవాబు వస్తుంది.

మూడవ తెగ మాటలు, కీర్తించేవి, చాలా దేశాలలో అలంకారప్రాయమైనవి. ఇక్కడ అవి కత్తి అంచు. 2009 నవంబరు 29న హైదరాబాదు ఎల్బీనగర్‌లో ప్రాణార్పణకు తలపడి డిసెంబరు 3న కన్ను మూసిన కాసోజు శ్రీకాంతాచారి ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పొడిచేడు బిడ్డ. ఆయన మరణాన్ని తెలంగాణలో ఎవరూ ఆత్మహత్య అనరు. బలిదానం అంటారు, ఆయనను అమరుడు అంటారు. 2023 జూన్ 22న హైదరాబాదులో ప్రారంభమైన స్మారకం ఆయన వంటివారి కోసమే వెలసినది. కోదాడకు దగ్గరలో, మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తల్లిని కొలుస్తారు. భర్త మరణించిన తరువాత ఆమె యోగాగ్నిలో లీనమైనదని భక్తుల నమ్మకం. తెలంగాణ పల్లెల్లోని వీరగల్లులు, ఆత్మాహుతి శిల్పాలు శతాబ్దాలుగా పసుపుకుంకుమలు అందుకొంటున్నవి. ఈ నేలమీద 'ఉదాత్తమైన' అనే మాట ముందుకు తెచ్చి ఔనా కాదా అంటే, సమాధానం చెప్పేవాడు ఎవరిని తలచుకొని చెబుతున్నాడో అడిగినవాడికి ఎట్లా తెలుస్తుంది? అమరుణ్ణి తలచుకొన్నవాడు ధీరుడంటాడు. పక్కింటి కౌలుదారును తలచుకొన్నవాడు మాట్లాడడు. ఒకే మనిషి ఉదయం ఒకరికి దండం పెట్టి సాయంకాలం మరొకరి ఇంటిముందు నుండి తల దించుకొని పోతాడు. ఇందులో కపటం లేదు. తెలుగులో ఆ రెండు చావులకూ రెండు పేర్లు ఉన్నవి, రెంటినీ ఒకే గాటన కట్టిన మాట లేదు. ఒకే ప్రశ్నతో రెంటినీ కొలవబోయినవాడికి సగటు అంకె ఒకటి దొరుకుతుంది. ఆ అంకెకు సరిపోయే మనిషి ఏ ఊళ్ళోనూ కనబడడు.

మాటల సంగతి ఇట్లా ఉండగా, అడిగే మనిషి సంగతి దీనికంటె గడ్డుది. కాగితం పట్టుకొని వచ్చిన కొత్తవాడు ఆత్మహత్యను గూర్చి అడుగుతున్నాడంటే సూర్యాపేట పల్లెలో జనానికి తట్టేది విశ్వవిద్యాలయం కాదు, కమిటీ. 2004 జూన్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ నంబరు ఉత్తర్వు జారీ చేసి, ఆత్మహత్య చేసుకొన్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సహాయం ఏర్పాటు చేసినది. 2015లో తెలంగాణ ప్రభుత్వం 194వ నంబరు ఉత్తర్వుతో దానిని ఆరు లక్షలు చేసినది. సహాయం ఊరకే రాదు. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు ముగ్గురు విచారించి, చనిపోయినది సేద్యపు అప్పుల వల్లనే అని తేల్చవలె. పంచనామా, శవపరీక్ష నివేదిక, పట్టాదారు పాసుపుస్తకం, బాకీ పత్రాలు చూపవలె. తాగుడు వల్ల కాదా, ఇంట్లో తగాదా వల్ల కాదా అన్న అనుమానాలకు జవాబు చెప్పుకోవలె. పట్టా లేని కౌలుదారు భార్యకు అది మరింత కష్టం.

అంటే ఆ ఇల్లాలు ఒక కిటికీ దగ్గర భర్త ప్రాణం తీసుకొన్నాడని రుజువు చేయవలె, ఇంకొక కిటికీ దగ్గర అదే సంగతి దాచవలె. మామూలు జీవిత బీమాలో, పాలసీ తీసుకొన్న మొదటి ఏడాదిలో ఆత్మహత్య జరిగితే పూర్తి సొమ్ము రాదు. పెళ్ళిసంబంధం వారి ముందు దాచవలె. అత్తవారి బంధువుల ముందు దాచవలె. నిన్నమొన్నటి వరకు పోలీసు ముందు కూడా దాచవలె, బతికి బయటపడితే మరీ. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షను కింద ఆత్మహత్యాయత్నం నేరం. ఆ సెక్షను చెల్లుతుందని 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అన్నది. 1994లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది, 1996లో మళ్ళీ నిలిపినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, యత్నించినవాడు తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడని భావించి శిక్షించరాదన్నది. 2024 జూలై 1న అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీయడానికి చేసే యత్నం మాత్రమే నేరంగా మిగిలినది. చట్టం తన మచ్చను చాలవరకు తుడుచుకొన్నది. ఆ సంగతి ఊరికి ఇంకా పూర్తిగా చేరలేదు.

2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా ఈ విషయంలో ప్రశంసించదగినది. పట్టా ఉన్న 18-59 ఏళ్ళ రైతు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి అయిదు లక్షలు. ఎట్లా పోయినాడన్న ప్రశ్నే లేదు. ఒక మెతక మాటతో పది సభలలో చేసే ప్రచారం కంటె, ఆ ఒక్క ప్రశ్న ఎత్తివేయడం విధవరాలికి ఎక్కువ గౌరవం ఇచ్చినది. కౌలుదారు దానికీ వెలుపలే ఉండిపోయినాడన్నది వేరే విచారం.

మూల ప్రశ్నావళిలోని పెద్ద లోటు ఇక్కడ బయటపడుతుంది. అది అడిగేదంతా చనిపోయినవారిని గూర్చి. ఈ నేలమీద మచ్చ చనిపోయినవాడిమీద నిలవదు. పదకొండవ రోజుకే అతడు పాపం మంచివాడైపోతాడు. మచ్చ ఇంటిమీదికి దిగుతుంది. మొగుణ్ణి మింగిందన్న మాట భార్యమీదికి, ఆ వంశంలోనే ఉన్నదన్న మాట పిల్లలమీదికి, కోడలు ఏమి పెట్టిందో అన్న మాట గడపమీదికి. కూతురిని చూడవచ్చినవారు కబురు చేయకుండా మానుకొంటారు. వడ్డీవ్యాపారి మాత్రం మానుకోడు. 'ఆత్మహత్య చేసుకొన్నవారు పిరికివారు' అనే వాక్యానికి ఊరంతా కాదని జవాబిచ్చినా ఈ ఇంటి బతుకులో వెంట్రుకవాసి మార్పు ఉండదు. కొలవవలసినది ఇది: అటువంటి ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకొంటారా? ఆ ఇల్లాలిని పొదుపు సంఘంలో అప్పుకు జామీను ఉంచుకొంటారా? ఆమె నాటువేయడానికి వస్తే పక్క సాలులో నిలబడతారా? ఆమె మీ ఇంటికి వచ్చి ఆ సంగతి ఎత్తితే మాట మారుస్తారా, వింటారా? వీటికి పదహారు విశేషణాలు అక్కరలేదు. జవాబులు కూడా అయిదు మెట్లలో రావు. 'ఏమో' అనే ఆరవ మెట్టు తెలుగువారికి తప్పనిసరి, దానిని తప్పుగా లెక్కించరాదు.

నింద ఉంటేనే భయం ఉంటుంది, భయం ఉంటేనే మనిషి ఆగుతాడు, దానిని కొలవడమెందుకు, తగ్గించడమెందుకు అని వాదించే పెద్దలు ఉన్నారు. ఈ వాదాన్ని తేలికగా తీసివేయరాదు, అది చెప్పేవారిలో కొడుకును పోగొట్టుకొన్నవారూ ఉన్నారు. కాని ఆ భయం చేతను ఆపుతుందనడానికి ఆధారం కనబడదు. అది ఆపుతున్నది నోటిని. మనస్సులో అటువంటి తలపు వచ్చినవాడు భార్యతో చెప్పడు, స్నేహితుడితో చెప్పడు, సూర్యాపేట ప్రభుత్వాసుపత్రి మెట్లు ఎక్కడు. ఎక్కితే పిచ్చివాడంటారు, చెబితే పిరికివాడంటారు. అడిగితే లేని తలపు పుడుతుందనే భయం కూడా అటువంటిదే. తిన్నగా, దయతో అడగడం వల్ల ఆ తలపు పెరగదని పరిశోధనలు చూపుతున్నవి.

కాబట్టి తెలుగు ప్రశ్నావళి అనువాదంగా పుట్టరాదు. ఆశా కార్యకర్తలు, పొదుపు సంఘాల స్త్రీలు, ఎరువుల దుకాణం ముందు కూర్చొనే రైతులు, బియ్యం మిల్లుల హమాలీలు ఈ విషయమై మాట్లాడుకొనే మాటలను ముందు ఏరుకోవలె. విదేశీ మాపకాన్ని పక్కన పెట్టుకోవచ్చును, నెత్తిన పెట్టుకోరాదు. తయారైన ప్రశ్నలను ఊరివారికి చదివి వినిపించి, 'ఇప్పుడు విన్నదానికి మీకు ఏమని అర్థమైనది?' అని వారి మాటలలో చెప్పించుకోవలె. లెక్కల పరీక్షలు ఆ తరువాత. 1951లో క్రోన్‌బాక్ చెప్పిన ఆల్ఫా అనే అంకె ఎక్కువ వచ్చినదని పొంగిపోయే పరిశోధకులు ఒక సంగతి మరువరాదు: ఇంటికి వచ్చిన చదువుకొన్నవాడిని నొప్పించడమెందుకని అన్నిటికీ ఔనౌనన్నా ఆ అంకె ఎక్కువే వస్తుంది. అటువంటప్పుడు అది కొలిచినది తెలుగువారి మర్యాదను.

ఎవరి గడపలో ఆ మరణం జరిగినదో ఆ గడపలో నింద వాక్యాలను పైకి చదవడం క్రూరత్వం. సూర్యాపేటలో గాని మిర్యాలగూడలో గాని ఏ వీధిలో అటువంటి ఇల్లు లేదని ముందుగా ఎవరు చెప్పగలరు? అందుచేత అడగబోయే ముందు 'అక్కా, ఇది కమిటీ కాగితం కాదు, ఇందువల్ల డబ్బు రాదు, పోదు, ఇష్టం లేకుంటే మానుకోవచ్చును' అని చెప్పి తీరవలె. లేచి వచ్చే ముందు 14416 నంబరు రాసి ఇవ్వవలె. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అది. ఖర్చు లేకుండా ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చును.

తెలుగు పని ఇంతవరకు చేసినా మిర్యాలగూడ పని తీరదు. పట్టణం దాటి దామరచర్ల వైపు పోతే లంబాడీ తండాలు మొదలవుతవి. అక్కడి ముసలమ్మలు తెలుగులో బేరం చేస్తారు గాని, ఏడ్చేది తమ భాషలో. కోదాడలో కుదిరిన మాట అక్కడ కుదరదు. 'ఏమన్న చేసుకుంటడేమో' అనే భయాన్ని వారు ఏ మాటతో చెప్పుకొంటారో తెలుసుకోవడానికి మళ్ళీ ఆ గడపలలో కూర్చుని మొదటినుండి వినవలసి ఉన్నది.